స్క్వాడ్రన్ కమాండర్ జేమ్స్ స్టీవర్ట్

ఆస్కార్ అందుకున్న ఇరవై మూడు రోజులకు సిపాయిగా చేరారు. నాలుగేళ్ళలో కర్నల్ అయ్యారు. యూరప్ గగనంలో ఇరవై దాడుల్లో పాల్గొన్నారు. ఆ మాట పోస్టర్ మీద వేయడానికి మాత్రం ఒప్పుకోలేదు.

1941 ఫిబ్రవరి 27 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో జేమ్స్ స్టీవర్ట్ ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్నారు. ‘ది ఫిలడెల్ఫియా స్టోరీ’ తెచ్చిపెట్టిన బహుమతి అది. మార్చి 22న అమెరికా సైన్యంలో మామూలు సిపాయిగా చేరిపోయారు. ఎంజీఎం స్టూడియో ఇచ్చే జీతం వారానికి వెయ్యి డాలర్ల పైమాట. సైన్యం ఇచ్చేది నెలకు 21 డాలర్లు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగనే లేదు. పెరల్ హార్బర్ మీద జపాన్ బాంబులు పడటానికి ఇంకా ఎనిమిది నెలలకు పైగా ఉంది.

మనలో చాలామందికి స్టీవర్ట్ అంటే హిచ్‌కాక్ కథానాయకుడు. ‘రియర్ విండో’లో కాలు విరిగి కిటికీ దగ్గర కూర్చున్న ఫొటోగ్రాఫర్, ‘వెర్టిగో’లో ఎత్తు చూస్తే కళ్ళు తిరిగే డిటెక్టివ్. ఆరడుగుల మూడంగుళాల సన్నటి మనిషి, మాట తడబడుతూ వచ్చే సాదాసీదా పెద్దమనిషి. ఆ మనిషే 1943 డిసెంబరు నుంచి ఇంగ్లండ్‌లోని ఒక చలి మైదానం మీద నుంచి బాంబర్ విమానాల దండును నడిపించారంటే ఊహకు అందదు.

సినిమా తారలు సైన్యంలో చేరడం ఆ రోజుల్లో కొత్త కాదు. చేరిన తారను ప్రమాదానికి దూరంగా ఉంచాలని అటు స్టూడియో, ఇటు సైన్యం కూడా చూసేవి. యూనిఫాం వేయించి ఫొటోలు తీయించి, యుద్ధ బాండ్లు అమ్మించి, రేడియోలో మాట్లాడించి సరిపెట్టేవి. స్టీవర్ట్ ఆ కాపుదల నుంచి తప్పించుకోవడానికి రెండేళ్ళకు పైగా పాటుపడ్డారు. తప్పించుకుని చేసిన పనిని తిరిగొచ్చాక అమ్ముకోలేదు. ఆయన సైనిక జీవితమంతా తిరగేస్తే నాకు పతకాలకన్నా ఈ రెండే పెద్దవిగా కనిపిస్తాయి.

ఇనప కొట్టువాళ్ళ అబ్బాయి

పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఇండియానా అని చిన్న పట్టణం. 1908 మే 20న స్టీవర్ట్ అక్కడే పుట్టారు. తండ్రి అలెగ్జాండర్‌ది ఇనప సామాన్ల కొట్టు. తాతలు ఇద్దరూ అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసినవాళ్ళు. తండ్రి రెండు యుద్ధాలు చూసి వచ్చినవాడు. దేశం పిలిస్తే వెళ్ళడం ఆ ఇంట్లో చర్చకు వచ్చే విషయమే కాదు.

విమానాల పిచ్చి కుర్రతనంలోనే పట్టుకుంది. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటుతున్నప్పుడు, ఆ ప్రయాణం ఎంతవరకు వచ్చిందో ఊరివాళ్ళకు తెలిసేలా స్టీవర్ట్ తన తండ్రి కొట్టు అద్దాల కిటికీలో ఒక ప్రదర్శన పెట్టారు. ముప్పై ఏళ్ళ తర్వాత తెర మీద ఆ లిండ్‌బర్గ్ పాత్ర వేసింది కూడా ఆయనే. అదే కిటికీలోకి తర్వాత ఆస్కార్ బొమ్మ వచ్చి చేరింది. బహుమతి వచ్చిందని తెలియగానే తండ్రి ఫోన్ చేసి దాన్ని ఇంటికి పంపమన్నారు. మేకులు, గడియలు అమ్మే కొట్టులో హాలీవుడ్ బహుమతి ఏళ్ళ తరబడి ఉండిపోయింది.

ప్రిన్స్‌టన్‌లో ఆర్కిటెక్చర్ చదివి, నాటకాల మీదుగా 1935లో హాలీవుడ్‌కు వచ్చిన స్టీవర్ట్, వస్తూనే విమానం నడపడం నేర్చుకున్నారు. 1938కల్లా కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతిలో ఉంది. సొంత విమానం కొనుక్కున్నారు. సెలవు దొరికితే దాన్ని నడుపుకుంటూ తల్లిదండ్రులను చూడటానికి వెళ్ళేవారు. ముందు ముందు వైమానిక దళంలో ఆయన్ను నిలబెట్టింది ఈ గంటల లెక్కే.

1940లో నిర్బంధ సైనిక సేవకు పిలుపు వచ్చింది. వైద్య పరీక్షలో వెనక్కి పంపేశారు. ఎత్తుకు తగ్గ బరువు లేదన్నారు. ఇంకొకరైతే ఊపిరి పీల్చుకుని షూటింగ్‌కు వెళ్ళిపోయేవారు. వంక పెట్టి తప్పుకున్నాడని అనేవాళ్ళు కూడా ఎవరూ లేరు. తప్పించింది సైన్యమే. స్టీవర్ట్ స్టూడియో వ్యాయామ శిక్షకుడి దగ్గరికి వెళ్ళి, ఒళ్ళు పెంచే తిండి తిని, మళ్ళీ వచ్చి తూకం ఎక్కారు. ఈసారి గట్టెక్కారు. స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్‌కు ఇది మింగుడుపడలేదు. కెరీర్ పీక్‌లో ఉన్నప్పుడు వెళ్ళిపోవడం ఏమిటని ఆయన బాధ. వ్యాపారి లెక్కలో అది తప్పూ కాదు.

పెద్ద వయసు కుర్రాడు

చేరేనాటికి ఆయనకు ముప్పై మూడు నిండబోతున్నాయి. విమాన శిక్షణకు తీసుకునే క్యాడెట్ల వయసు దాటిపోయింది. డిగ్రీ ఉంది, పైలట్ లైసెన్సు ఉంది కాబట్టి నేరుగా అధికారి హోదా ఇవ్వమని అర్జీ పెట్టుకున్నారు. 1942 జనవరి 1న సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు. ఆ ఫిబ్రవరి ఆస్కార్ వేడుకలో యూనిఫాంతోనే వేదికెక్కి గ్యారీ కూపర్‌కు ఉత్తమ నటుడి బహుమతి అందించారు. విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన 1942 ఏప్రిల్ 6 నాటికి స్టీవర్ట్ ఇంకా అమెరికా గడ్డ మీదే, శిక్షణ శిబిరాల మధ్య తిరుగుతున్నారు.

ఆ ఏడాది ‘విన్నింగ్ యువర్ వింగ్స్’ అనే ప్రచార లఘుచిత్రం చేయించారు. వైమానిక దళంలో చేరమని యువకులను పిలిచే చిత్రం అది. దాన్ని చూసి లక్షన్నర మంది చేరారని చెబుతారు. సైన్యం దృష్టిలో అంతకుమించిన సేవ ఏముంటుంది? ఒక నటుడు ఒక విమానంలో కూర్చుని వేసే బాంబులెన్ని, ఒక చిత్రంతో రప్పించే కుర్రాళ్ళెంతమంది? ఈ వాదనకు జవాబు చెప్పడం కష్టం. స్టీవర్ట్ వాదన పెట్టుకోలేదు. పోనివ్వమని అడుగుతూ పోయారు, అంతే. కుర్రాళ్ళను రమ్మని పిలిచిన మనిషి తాను వెళ్ళకుండా ఉండలేకపోయాడని నేను అనుకుంటాను.

న్యూమెక్సికోలో బాంబార్డియర్ల, అంటే గురి చూసి బాంబులు వదిలేవాళ్ళ, శిక్షణకు విమానాలు నడిపారు. ఐడాహోలోని బోయిసీలో నాలుగు ఇంజన్ల బి-17 విమానాల మీద బోధకుడిగా పనిచేశారు. చేతికింద నేర్చుకున్న కుర్రాళ్ళు ఒక్కొక్కరే సముద్రం దాటిపోతున్నారు. కొందరు తిరిగి రారన్న కబురూ వస్తోంది. పై అధికారులకు మాత్రం ఇంత పేరున్న నటుణ్ని యుద్ధానికి పంపి పోగొట్టుకుంటే ఎలా అన్న జంకు. చివరికి మనసున్న ఒక కమాండర్ దారి తీశారు. 1943 వేసవిలో అయోవాలోని సియూ సిటీలో తయారవుతున్న 445వ బాంబార్డ్‌మెంట్ గ్రూప్‌కు స్టీవర్ట్‌ను సిఫారసు చేశారు. కొద్ది వారాల్లోనే ఆయన అందులోని 703వ స్క్వాడ్రన్‌కు కమాండర్ అయ్యారు.

బయలుదేరే ముందు తండ్రి సియూ సిటీకి వచ్చి చూసి వెళ్ళారు. ఇద్దరికీ మాటలు రాలేదు. వెళ్తూ వెళ్తూ కొడుకు జేబులో ఒక ఉత్తరం పెట్టారు. దానితోపాటు బైబిల్‌లోని 91వ కీర్తన ఉంది. మన క్రైస్తవ కుటుంబాల్లోనూ ప్రయాణమయ్యేవాళ్ళకు చదివి వినిపించే కీర్తన అది. యుద్ధమంతా అది తనతోనే ఉందని స్టీవర్ట్ తర్వాత చెప్పారు.

జానెడు బద్ద, నాలుగు మైళ్ళ గాలి

1943 నవంబరులో ఫ్లోరిడా నుంచి బ్రెజిల్, అక్కడి నుంచి అట్లాంటిక్ దాటి డాకర్, మరాకేష్‌ల మీదుగా ఆ దండు ఇంగ్లండ్ చేరింది. నార్ఫోక్ జిల్లాలో టిబెన్‌హామ్ అనే పల్లె పక్కన విమానాశ్రయం. రేకుల గుడిసెలు, బురద, ఉదయాన్నే కమ్మేసే మంచు. నిద్రలేపేది తెల్లవారకముందే. గోడ మీద యూరప్ పటం, దాని మీద తెర. తెర తీశాక కనిపించే ఎర్ర దారం ఎంత దూరం పోయిందో చూసి ఆ రోజు తమ బతుకేమిటో కుర్రాళ్ళు అంచనా వేసుకునేవారు.

వాళ్ళ విమానం బి-24 లిబరేటర్. నాలుగు ఇంజన్లు, పది మంది సిబ్బంది. రెక్క కొస నుంచి కొసకు 110 అడుగులు. విమానం నడుమ బాంబుల గది. ముందు నుంచి వెనక్కి వెళ్ళాలంటే ఆ గది మధ్యలో జానెడు వెడల్పున్న లోహపు బద్ద మీద నడిచి వెళ్ళాలి. గది తలుపులు కొట్టు షట్టర్‌లా పైకి చుట్టుకుపోయేవి. అవి తెరుచుకున్నాక ఆ బద్ద కింద ఉన్నది నాలుగు మైళ్ళ గాలి.

లోపల గాలి ఒత్తిడిని సరిచేసే ఏర్పాటు లేదు. ఇరవై వేల అడుగుల పైన ఆక్సిజన్ మాస్కు తీస్తే కాసేపట్లో స్పృహ తప్పుతుంది. చలి సున్నాకు దిగువన 40 డిగ్రీల దాకా పోయేది. ఒంటికి కరెంటు తీగలు కుట్టిన సూట్లు. తొడుగు లేని చేత్తో తుపాకీ ముట్టుకుంటే చర్మం ఇనుముకు అతుక్కుని ఊడొచ్చేది. మాస్కు గొట్టంలో ఊపిరే గడ్డకట్టి దారి మూసేది. అలా ఆరేడు గంటలు. అంత ఎత్తులో లిబరేటర్ మొండిది, చెప్పినట్టు వినదు. దాన్ని పక్క విమానం రెక్కకు దగ్గరగా, వరస చెదరకుండా పట్టి ఉంచాలి. వరస తప్పిన విమానాన్నే జర్మన్ ఫైటర్లు ఏరుకునేవి. బాంబులు వదలడానికి ముందు చివరి నిమిషాల్లో నేల మీది ఫిరంగులు ఎంత పేలుతున్నా పక్కకు తొలగే వీలు లేదు. తొలగితే గురి పోతుంది.

స్టీవర్ట్ మొదటి దాడి 1943 డిసెంబరు 13న, కీల్ నౌకాశ్రయం మీద. ఆయనకు ముప్పై అయిదేళ్ళు. కింద పనిచేసేవాళ్ళలో చాలామందికి ఇరవై చుట్టుపక్కల. వాళ్ళ కళ్ళకు ఆయన మొదట సినిమా హీరో. రెండు మూడు దాడులయ్యాక ఆ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదని ఆ గ్రూప్‌వాళ్ళే తర్వాత చెప్పుకున్నారు. రేడియోలో ఆయన గొంతు వినిపిస్తే ధైర్యంగా ఉండేదట. తెర మీద నానుస్తూ మాట్లాడే ఆ మాటతీరు యుద్ధంలో పనికొచ్చింది. కంగారు లేని గొంతు అది.

ఆ రోజులవాళ్ళు చెప్పుకునే ముచ్చట ఒకటుంది. ఆఫీసర్ల క్లబ్బు నుంచి బీరు పీపా ఒకటి మాయమైంది. దొంగతనం చేసిన కుర్రాళ్ళు దాన్ని తమ గుడిసెలో దుప్పటి కప్పి దాచారు. సాయంత్రం స్టీవర్ట్ వచ్చి కూర్చున్నారు. దుప్పటి తొలగించి, ఒక గ్లాసు నింపుకుని తాపీగా తాగారు. పీపా పోయిందని వింటున్నాననీ, ఎవరో గానీ దొరికితే పెద్ద శిక్షే పడుతుందనీ చెప్పి, దుప్పటి మళ్ళీ కప్పి వెళ్ళిపోయారు. ఆ కుర్రాళ్ళలో ఎవరు రేపు తిరిగొస్తారో తెలియని చోట అది సరైన క్రమశిక్షణే.

దారి తప్పినవాళ్ళ వెంట

1944 జనవరి 7 నాటి లుడ్విగ్స్‌హాఫెన్ దాడి గురించి కాస్త ఆగి చెప్పాలి. బాంబులు వేసి తిరిగొస్తున్నారు. ముందు నడుస్తున్నది 389వ గ్రూప్. దాని దిక్కు లెక్క తప్పింది. ఇంటి దారికి ముప్పై డిగ్రీల పక్కకు, జర్మన్ ఫైటర్ల స్థావరాలున్న ఫ్రాన్స్ వైపు పోతోంది. స్టీవర్ట్ రేడియోలో హెచ్చరించారు. ముందున్నవాళ్ళు వినిపించుకోలేదు.

ఇప్పుడు ఏం చేయాలి? తన దారి తనకు తెలుసు. సరైన దారిన తన విమానాలను తీసుకెళ్ళిపోతే ఎవరూ తప్పుపట్టరు. తన కింద ఉన్న కుర్రాళ్ళ ప్రాణాలకు జవాబుదారీ ఆయనే. వదిలేస్తే మాత్రం ఆ ముందు గ్రూప్ ఒంటరిదవుతుంది. ఫైటర్లకు చిక్కుతుంది. రెండు గ్రూపులు కలిసుంటే కాల్చే తుపాకులు ఎక్కువ. ఆయన తప్పు దారినే వెంట నడిచారు. అనుకున్నట్టే జర్మన్ ఫైటర్లు మీద పడ్డాయి. ముందు గ్రూప్‌ను నడిపిస్తున్న విమానం కూలిపోయింది. వెనక స్టీవర్ట్ దండు లేకపోతే ఆ రోజు ఇంకెన్ని కూలేవో.

ధైర్యం అంటే ముందుకు దూకడమని సినిమాలు నేర్పాయి. ఇక్కడ ధైర్యం ఇంకొకరి పొరపాటుకు తన ప్రాణం, తనవాళ్ళ ప్రాణాలు తాకట్టు పెట్టడం. అది తప్పుగా ముగిసి ఉంటే ఆయన్ను ఏ చరిత్రా క్షమించేది కాదు. ఆ నిర్ణయానికి దొరికిన సమయం కొద్ది నిమిషాలు. ఆ నెలలోనే ఆయన మేజర్ అయ్యారు.

ఫిబ్రవరి 20 నుంచి 25 వరకు జర్మనీ విమాన కర్మాగారాల మీద అమెరికా వైమానిక దళాలు వరసగా దాడులు చేశాయి. ‘బిగ్ వీక్’ అని దానికి పేరు. 20న బ్రన్స్‌విక్ దాడిలో దండును నడిపినందుకు స్టీవర్ట్‌కు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ వచ్చింది. 24న గోథా మీదికి 445వ గ్రూప్ వెళ్ళింది. ఆ రోజు ఆయన వంతు కాదు. దాడికి వెళ్ళిన 25 విమానాల్లో 13 తిరిగి రాలేదు. ఒక్కో విమానంలో పది మంది. ఆ రాత్రి టిబెన్‌హామ్ గుడిసెల్లో ఖాళీ మంచాలు ఎన్నో లెక్క వేసుకోవచ్చు.

మర్నాడు, 25న, స్టీవర్ట్ ఫ్యూర్త్ మీదికి బయలుదేరారు. ఫిరంగి గుండు ఒకటి ఆయన కూర్చున్న చోటికి సరిగ్గా కింద పేలింది. కాళ్ళ దగ్గర నేల చీలి పెద్ద రంధ్రం పడింది. అందులోంచి జర్మనీ నేల కనిపిస్తోంది. సున్నా దిగువ చలిగాలి లోపలికి కొడుతుండగా గంటల తరబడి విమానాన్ని నడుపుకుంటూ వచ్చి టిబెన్‌హామ్‌లో దింపారు. చక్రాలు నేలకు తగిలాక విమానం రెక్కల ముందు భాగంలో పగిలి వంగిపోయింది. అందులోంచి అందరూ నడిచి బయటికొచ్చారు.

ఆ దాడి తర్వాత ఆయన మనిషి మారిపోయారని జీవితచరిత్ర రాసిన రాబర్ట్ మాట్జెన్ అంటారు. తిండి సహించేది కాదు, నిద్ర పట్టేది కాదు. దాడికి ముందు రాత్రుళ్ళు తనకు భయం వేసేదని స్టీవర్ట్ కూడా దాచుకోలేదు. తనకేమవుతుందోనని కాదు, తన పొరపాటు వల్ల తనవాళ్ళకు ఏమవుతుందోనని. కమాండర్‌కు ఉండాల్సిన భయం అదే.

మార్చి చివర ఆయన్ను పక్కనే ఓల్డ్ బకెన్‌హామ్‌లో ఉన్న 453వ గ్రూప్‌కు ఆపరేషన్స్ ఆఫీసర్‌గా మార్చారు. పూట పూటకు దాడుల వివరాలు చెప్పే పని. అక్కడ బల్లల మీద కూర్చుని ఆయన మాటలు విన్న సార్జెంట్లలో వాల్టర్ మాథా ఒకరు. తర్వాతి రోజుల్లో ఆయనా పెద్ద నటుడయ్యారు. స్టీవర్ట్ వదిలి వచ్చిన 445వ గ్రూప్ 1944 సెప్టెంబరు 27న కాసెల్ దాడిలో ఒక్క రోజే 25 విమానాలు పోగొట్టుకుంది. ఆయన నడిపిన స్క్వాడ్రన్ ఉన్న గ్రూప్ అది.

1945 మార్చిలో కర్నల్ అయ్యారు. సిపాయి నుంచి కర్నల్ దాకా నాలుగేళ్ళు. అధికారికంగా లెక్కకెక్కిన దాడులు ఇరవై. ఫ్లయింగ్ క్రాస్ రెండుసార్లు, ఫ్రాన్స్ ఇచ్చిన క్రా ద గేర్ పతకం ఒకటి.

కింద ఉన్నవాళ్ళు

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడ ఒక సంగతి దాటేస్తారు. ఆ విమానాలు మోసుకెళ్ళినవి బాంబులు. కర్మాగారాలకూ, రైల్వే యార్డులకూ గురిపెట్టిన బాంబులే అయినా, మబ్బుల మీంచి వేసినప్పుడు అవి ఇళ్ళ మీద కూడా పడ్డాయి. హిట్లర్‌ను ఆపాల్సిందే. ఆ యుద్ధం చేయక తప్పనిది. అయినా కింద చనిపోయిన పసిపిల్లలు యుద్ధం మొదలుపెట్టినవాళ్ళు కారు. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి మింగేసినా కథ అబద్ధమైపోతుంది.

స్టీవర్ట్ ఈ బరువును నేరుగా మోయాల్సి వచ్చిన సందర్భం ఒకటి ఉంది. 1945 మార్చి 4న కొన్ని అమెరికన్ లిబరేటర్లు మబ్బుల్లో దారి తప్పి, జర్మనీ పట్టణమనుకుని తటస్థ దేశమైన స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ మీద బాంబులు వేశాయి. అయిదుగురు పౌరులు చనిపోయారు. ముందు నడిచిన విమానం పైలట్ మీద, నావిగేటర్ మీద ఇంగ్లండ్‌లో సైనిక విచారణ జరిగింది. విచారణకు అధ్యక్షత వహించింది కర్నల్ జేమ్స్ స్టీవర్ట్. ఇద్దరినీ నిర్దోషులుగా వదిలేశారు. మబ్బుల్లో దారి తప్పడం ఎలా ఉంటుందో ఆ గదిలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

రెండో ప్రపంచయుద్ధంలో పోరాడే సైనికుడిగా ఆయన ప్రధాన పాత్ర వేయడం చాలా అరుదు. ‘ది మౌంటెన్ రోడ్’ (1960)లో వేశారు. చైనాలో ఉన్న ఒక అమెరికన్ మేజర్, చేతిలో అధికారం ఉందని ఆవేశంలో ఒక పల్లెనే నాశనం చేసి, ఆ తర్వాత కుమిలిపోయే కథ. పోరాట వీరుడి పాత్రలు ఎన్ని కావాలంటే అన్ని దొరికే నటుడు ఏరుకున్నది దాన్ని.

ఇంటికొచ్చాక

1945 ఆగస్టు చివర ‘క్వీన్ ఎలిజబెత్’ ఓడలో న్యూయార్క్‌లో దిగారు. జుట్టు నెరిసింది. ముఖం నాలుగేళ్ళకు పదేళ్ళు పెద్దదైంది. సొంత ఊళ్ళో యూనిఫాంలో ఉన్న ఫొటో సెప్టెంబరులో ‘లైఫ్’ పత్రిక ముఖచిత్రమైంది. సినిమాల్లోకి తిరిగి వెళ్ళాలా వద్దా అన్న సందిగ్ధం చాలాకాలం పట్టి పీడించింది. హాలీవుడ్‌లో కొన్నాళ్ళు పాత స్నేహితుడు హెన్రీ ఫోండా ఇంట్లో ఉన్నారు. ఫోండా కూడా నౌకాదళంలో చేరి డిస్ట్రాయర్ మీద పనిచేసి వచ్చినవారే. ఆ తరంలో క్లార్క్ గేబుల్ కథ ఇంకోటి. బాండ్ల ప్రచారం నుంచి తిరిగొస్తూ భార్య కరోల్ లొంబార్డ్ విమాన ప్రమాదంలో చనిపోయాక, నలభై దాటిన వయసులో సైన్యంలో చేరి, ఇంగ్లండ్ నుంచి బాంబర్లలో అయిదు దాడులకు వెళ్ళారు. వీళ్ళెవరినీ తక్కువ చేయడానికి లేదు. బాధ్యత పెద్దది మాత్రం స్టీవర్ట్‌దే. ఆయన దండును నడిపారు.

కొత్తగా కుదుర్చుకున్న ఒప్పందాల్లో ఆయన ఒక షరతు పెట్టేవారు. సినిమా ప్రచారంలో తన యుద్ధసేవ ప్రస్తావన రాకూడదు. పోస్టర్ మీద ‘యుద్ధవీరుడు’ అని ఒక్క మాట వేస్తే థియేటర్లు నిండే రోజులవి. 1970లలో వచ్చిన బ్రిటిష్ డాక్యుమెంటరీ ‘ది వరల్డ్ ఎట్ వార్’లో బాంబర్ల గురించి మాట్లాడటానికి ఒప్పుకున్నారు. తెర మీద పేరు కింద వేసిన హోదా ‘స్క్వాడ్రన్ కమాండర్’ అని. నటుడన్న మాటే లేదు.

తిరిగొచ్చాక చేసిన మొదటి సినిమా ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ (1946). ఇందులో ఆయన పాత్రను గమనించండి. జార్జ్ బెయిలీకి ఒక చెవి వినపడదు. అందుకని సైన్యం తీసుకోదు. తమ్ముడు నౌకాదళ పైలట్ అయి దేశం మెచ్చిన వీరుడవుతాడు. జార్జ్ ఊళ్ళోనే ఉండి పాత రబ్బరు, పాత కాగితాలు పోగుచేస్తూ, దీపాలార్పించే కాపలా కాస్తూ యుద్ధకాలం గడుపుతాడు. ఇరవై దాడులు చేసి వచ్చిన కర్నల్ మొదట వేసిన వేషం యుద్ధానికి పోలేకపోయిన మనిషిది. ఆ పాత్రలో ఎక్కడా ఆయన గొప్ప తొంగిచూడదు. ఊళ్ళో మిగిలిపోయినవాడి చిన్నతనం, ఉక్రోషం నిజంగా అనుభవించినట్టే కనిపిస్తాయి.

బార్‌లో కూర్చుని దేవుణ్ని దారి చూపమని వేడుకునే సన్నివేశంలో స్టీవర్ట్ నిజంగా ఏడ్చేశారు. స్క్రిప్టులో ఏడవమని లేదు. కాప్రా ఇంకాస్త దగ్గర నుంచి మళ్ళీ తీద్దామనుకున్నారు. అది మళ్ళీ రాదని స్టీవర్ట్‌కు తెలుసు. కాప్రా ఆ ఫిల్మునే ల్యాబ్‌లో ఫ్రేము తర్వాత ఫ్రేము పెద్దది చేసి క్లోజప్‌గా మార్చారు. ఇప్పుడు మనం చూసే ఆ ముఖం అలా వచ్చింది. విడుదలైనప్పుడు ఆ సినిమా ఖర్చులు కూడా రాబట్టలేదు. 1970లలో టీవీలో పదేపదే వేశాకే జనం నెత్తిన పెట్టుకున్నారు.

యుద్ధం అయిపోయినా సైన్యంతో తెగతెంపులు చేసుకోలేదు. వైమానిక దళం రిజర్వ్‌లో కొనసాగారు. 1957లో బ్రిగేడియర్ జనరల్ పదోన్నతికి పేరు వెళితే సెనేట్ అడ్డుపడింది. రిజర్వ్ శిక్షణకు ఇచ్చిన సమయం చాలదని సెనేటర్ మార్గరెట్ చేజ్ స్మిత్ పట్టుబట్టారు. ఎంత పెద్ద నటుడైనా నియమం నియమమే అన్న ఆమె వాదన సబబే. 1959లో పదోన్నతి వచ్చింది. 1966 ఫిబ్రవరిలో వియత్నాం మీదికి వెళ్ళిన బి-52 బాంబర్‌లో పరిశీలకుడిగా కూర్చున్నారు. పత్రికలకు చెప్పనివ్వలేదు. 1968 మే 31న పదవీ విరమణ చేశారు. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన పెంచిన కొడుకు, మెరీన్ లెఫ్టినెంట్ రోనాల్డ్ మెక్లీన్, వియత్నాంలో చనిపోయాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. కొడుకును యుద్ధానికి పంపే తండ్రి బాధ సియూ సిటీలో తన తండ్రి ముఖంలో చూసినవాడే స్టీవర్ట్. ఈసారి ఆ బాధ ఆయన వంతుకు వచ్చింది. తిరిగి రాకపోవడం కూడా.

1997 జులై 2న ఆయన కన్నుమూశారు.

ఆయన నడిపిన రకం విమానానికి మన దేశంతో ఒక బంధం ఉంది. యుద్ధం ముగిశాక కాన్పూర్‌లో తుక్కు కింద పారేసి వెళ్ళిన లిబరేటర్లను హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ నిపుణులు ఒక్కొక్కటే బాగుచేసి, ఎగరేసుకుంటూ బెంగళూరు తీసుకెళ్ళారు. 1948లో అవి భారత వాయుసేనలో చేరాయి. ప్రపంచమంతా పక్కన పెట్టేశాక కూడా మన దగ్గర 1968 దాకా, స్టీవర్ట్ విరమించిన ఆ సంవత్సరం దాకా ఎగిరాయి. ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో ఒక లిబరేటర్ ఉంది. ఢిల్లీ వెళ్ళినప్పుడు ఎర్రకోట, కుతుబ్ మినార్‌లతో పాటు దాన్ని కూడా చూసి రండి. పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్ళండి. ఆ రేకు ఎంత పలచనో, పది మంది ఎంత ఇరుకులో కూర్చునేవారో వాళ్ళకు చూపించండి.